ఒకే గది, ఒకే గాలి

నా ఊపిరితిత్తిలోని చిన్న ముక్కొకటి మాదాపూర్‌లో మా హాస్టల్ అల్మారాలో ఉంది. పాస్‌పోర్టు, బీటెక్ సర్టిఫికెట్లు దాచుకున్న ఫైల్లోనే, ఒక జిప్ కవర్లో. అగ్గిపెట్టె కంటే చిన్న మైనం బిళ్ల. దాని మధ్యలో నువ్వుగింజంత చుక్క. పక్కన రెండు గాజు స్లైడ్లు. ఆ చుక్క నేనే. అంటే, 2023 జూన్‌లో ఉన్న నేను.

అది నా దగ్గరికెలా వచ్చిందో చెప్తా. ఆ ఏడాది మార్చిలో దగ్గు మొదలైంది. ఆఫీసులో ఏసీ పడట్లేదేమో అనుకున్నా. మా ఫ్లోర్లో సగం మంది దగ్గుతూనే ఉంటారు కదా. ఒక క్లినిక్‌లో ఎలర్జీ అన్నారు. సిరప్ ఇచ్చారు. తగ్గలేదని మళ్లీ వెళ్తే ఇన్‌హేలర్ ఇచ్చారు. రెండు నెలలు అలాగే గడిచిపోయాయి. సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడేది, అర్ధరాత్రి ఏసీలో కూడా చెమటతో దిండు తడిసిపోయేది. 47 కిలోలున్నదాన్ని 42కి వచ్చా. డైట్ సక్సెస్ అయిందని టీమ్‌లో ఒకమ్మాయి టిప్స్ కూడా అడిగింది. ఒకరోజు వాష్‌బేసిన్లో ఎర్రటి చార కనిపించాక గానీ భయం పుట్టలేదు.

సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న గుంత కనిపించింది. కళ్లె పడట్లేదు, పొడిదగ్గు. అందుకని బ్రాంకోస్కోపీ చేసి, లోపల కడిగిన నీళ్లు కొన్ని ఒక పరీక్షకి, గిల్లి తీసిన రెండు మూడు ముక్కలు బయాప్సీకి పంపారు. బయాప్సీ రిపోర్ట్ ముందొచ్చింది. ఇంకో చోట కూడా చూపిస్తే మంచిదని డాక్టర్ అంటే, ల్యాబ్‌లో సంతకం పెట్టి ఆ మైనం బ్లాక్, స్లైడ్లు తెచ్చుకున్నా. వాటిని తీసుకుని వెళ్లేలోపే రెండో రిజల్ట్ వచ్చేసింది. టీబీ. ఇక బ్లాక్‌తో ఎవరికీ పని లేకుండా పోయింది. తిరిగి ఇమ్మని కూడా ఎవరూ అడగలేదు.

ఆ బయాప్సీ రిపోర్ట్ పీడీఎఫ్‌ని ఫోన్లో ఎన్నిసార్లు తెరిచానో లెక్కలేదు. రెండు లైన్లు నాకు అర్థం కాలేదు. ఒకటి: 'నెక్రోటైజింగ్ గ్రాన్యులోమా'. రెండోది: ప్రత్యేకమైన రంగువేసి చూసినా ఆ ముక్కలో టీబీ క్రిములు కనబడలేదు. కడిగిన నీళ్లలో దాని డీఎన్‌ఏ దొరికింది, ముక్కలో మాత్రం లేదు. మరి ఆ గుంత ఎవరు చేసినట్టు?

ఈ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తా. ముందు నేను చేసిన తప్పు సంగతి చెప్పాలి.

మందులు మొదలైన మూడో రోజు టీబీ విభాగం నుంచి ఫోన్. నిక్షయ్‌లో నా పేరు నమోదయిందట. చాలా మర్యాదగా మాట్లాడిందావిడ. చివర్లో అడిగింది, "మీతోపాటు గదిలో ఎంతమంది ఉంటారమ్మా?"

"ఒక్కదాన్నేనండీ" అన్నా.

నాది టూ షేరింగ్. నా మంచానికి నాలుగడుగుల దూరంలో నెల్లూరమ్మాయి మంచం. ఒకే కిటికీ, అదీ ఏసీ పెట్టినప్పటి నుంచి తెరవం. ఏడాదిన్నరగా ఒకే గది, ఒకే గాలి. ఆ అమ్మాయికి నిమోనియా అని చెప్పా. మేనేజర్‌కీ అదే చెప్పి, రెండు నెలలు వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని ఊరెళ్లిపోయా. అబద్ధమెందుకు ఆడానంటే ఏం చెప్పను? హాస్టల్ ఆంటీకి తెలిస్తే అదే రోజు బ్యాగు బయట పెడుతుందని భయం. పైగా అమ్మ ఫోన్లో ఏడుస్తూ ఒకే మాట అంది: "ఎవురికీ చెప్పాకు పాపా. రేపు సంబంధాలు చూడాల."

మాది మదనపల్లె పక్కన ఒక పల్లె. అక్కడ టీబీ అనే మాట కంటే ఆరోగ్యవరం అనే మాటకే జనం ఎక్కువ భయపడేవాళ్లట. పేరు చూస్తే ఎంత బాగుందో! వందేళ్ల కిందట మిషనరీలు కట్టిన క్షయ శానిటోరియం అది. మొదటి పెద్ద డాక్టరు ఫ్రిమోట్ మొల్లర్ అనే డెన్మార్క్ ఆయన. మద్రాసు రాష్ట్రమంతటి నుంచీ రోగులు వచ్చేవాళ్లు. అవ్వ వాళ్ల తమ్ముడు 1950ల్లో అక్కడ ఏడాది పైనే ఉన్నాడని నాకు అప్పటిదాకా తెలీదు. ఇంట్లో ఎప్పుడూ ఎవరూ మాట్లాడలేదు.

మా అమ్మ అవ్వకి కూడా నిమోనియా అనే చెప్పింది. అవ్వ నన్ను రెండు రోజులు చూసింది. మూడో రోజు పొద్దున నేను మూడు గోళీలు ఒకేసారి మింగుతుంటే పక్కన కూచుని, "అదేనా?" అంది. తలూపాను.

అప్పుడు చెప్పింది. వాళ్ల తమ్ముడికి ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి ఆ పక్క ఊపిరితిత్తిని ముడిచి ఉంచేవాళ్లట, దానికి రెస్టు దొరకాలని. గుడ్లు, పాలు, వరండాలో మంచం, కొండగాలి. ఆయన బాగయ్యే తిరిగొచ్చాడు. కానీ పోకముందు ఆరు నెలలు జబ్బుని దాచిపెట్టారు. "మా వదిన ఆయనకి అన్నం పెట్టేది. ఆయన వచ్చినాక ఏడాదికి ఆమె దగ్గింది. బండి కట్టుకోని తీసకపోయే లోపలే..." అని ఆగిపోయింది. కాసేపయ్యాక, "నీ రూములో పండుకునే పిల్లకి చూపించినారా?" అంది.

ఆ రాత్రి ఫోన్ చేశా. అబద్ధం ఆడి అప్పటికి 23 రోజులు.

నెల్లూరమ్మాయి తిట్టలేదు. జబ్బు గురించి ఒక్క మాటా అనలేదు. "నిమోనియా అని నాతో కూడా చెప్పావు కదే" అంది. "ఇంకెప్పుడూ నాతో అబద్దం చెప్పబాక" అని పెట్టేసింది. తర్వాత మూడు వారాలు నా మెసేజ్‌లకి బ్లూటిక్కులే.

టీబీ విభాగానికి నేనే ఫోన్ చేసి నిజం చెప్పా. వాళ్లేమీ అనలేదు, ఆ అమ్మాయి నెంబర్ తీసుకున్నారంతే. ఎక్స్‌రే తీశారు, శుభ్రంగా ఉంది. రక్తపరీక్ష మాత్రం పాజిటివ్. అంటే క్రిమి లోపలికి వెళ్లింది, జబ్బు రాలేదు. అలాంటివాళ్లు మన చుట్టూ కోట్లలో ఉన్నారు. 2019-21 మధ్య జరిగిన జాతీయ సర్వే ప్రకారం, దేశంలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో దాదాపు మూడోవంతు మందిలో ఈ క్రిమి జాడ ఉంది. అలా క్రిమిని మోసేవాళ్లలో జీవితకాలంలో జబ్బుపడేది నూటికి ఐదు నుంచి పది మందే. మిగతావాళ్ల ఒంట్లో అది నిద్రపోతూనే ఉంటుంది.

ఒకే గది. ఒకే గాలి. ఒకే మెస్ సాంబారు. ఆమెలో నిద్రపోయింది, నాలో గుంత చేసింది. క్రిమి ఒకటే అయితే తేడా ఎక్కడున్నట్టు?

జాబ్‌లో చేరిన కొత్తలో నాకొక పాఠం నేర్పిన రాత్రి ఉంది. ఒక చిన్న సర్వీస్‌లో ఒక్క లైన్ తప్పు. అది కాస్త స్లో అయింది. జవాబు రాలేదని దాన్ని పిలిచే మిగతా సర్వీసులన్నీ మళ్లీ మళ్లీ పిలవడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కటి సెకనుకి పదిసార్లు. లాగ్స్‌తో డిస్క్ నిండిపోయింది. అర్ధరాత్రి దాటాక మొత్తం సిస్టమ్ పడిపోయింది. పొద్దున ఆర్‌సీఏ రాసేటప్పుడు మా లీడ్ అన్న మాట గుర్తుంది: "బగ్ మనల్ని పడగొట్టలేదు. బగ్‌కి మనం చేసిన రెస్పాన్స్ పడగొట్టింది."

టీబీలో చాలావరకు జరిగేది ఇదే. క్రిమి ఊపిరితిత్తిలోకి రాగానే మాక్రోఫేజ్ అనే కాపలా కణం దాన్ని మింగుతుంది. మామూలుగా అయితే అరిగించేస్తుంది. ఇది అరగదు, లోపలే కాపురం పెడుతుంది. అప్పుడా కణం సాయం కోసం కేకలేస్తుంది. ఇంకొన్ని కణాలు వచ్చి చుట్టూ గోడ కడతాయి. ఆ గోడకట్టిన ముద్దే గ్రాన్యులోమా. నెల్లూరమ్మాయిలో గోడ నిలిచింది, గొడవ సద్దుమణిగింది. నాలో కేకలు ఆగలేదు. మధ్యలోని కణాలు చచ్చి పెరుగులా మారాయి. ఊపిరితిత్తికి వాసాల్లా ఉండే కొలాజెన్ని కత్తిరించే ఎంజైములు నా సొంత కణాలే వదిలాయి. గుంత అలా పడింది. దీనికొక విచిత్రమైన సాక్ష్యం ఉంది. హెచ్‌ఐవీ ముదిరి రక్షణ వ్యవస్థ బాగా దెబ్బతిన్నవాళ్లకి టీబీ వస్తే ప్రాణం మీదికొస్తుంది గానీ, ఊపిరితిత్తుల్లో ఇలాంటి గుంతలు మాత్రం తక్కువగా ఉంటాయి. గుంత తవ్వడానికి కూడా బలం కావాలి మరి.

నా రిపోర్ట్‌లో రెండో లైన్ అప్పుడర్థమైంది. ఆ ముక్కలో క్రిమి కనబడకపోవడం వింతేం కాదు. గ్రాన్యులోమాలో ఎక్కువ భాగం మనమే.

అయితే ఆ రెస్పాన్స్‌ని ఆఫ్ చేసేస్తే సరిపోతుందా? సరిపోదు. కీళ్లవాతానికి టీఎన్‌ఎఫ్ అనే సంకేతాన్ని ఆపే మందులు వాడితే, నిద్రలో ఉన్న టీబీ లేచి కూర్చుంటుంది. అందుకే ఆ మందులు ఇచ్చేముందు టీబీ పరీక్ష చేస్తారు. బరోడాలో డాక్టరీ చదివిన లలితా రామకృష్ణన్ ఈ విషయాన్ని పారదర్శకంగా ఉండే జీబ్రాచేప పిల్లల్లో కళ్లకు కట్టినట్టు చూపించారు. టీఎన్‌ఎఫ్ తక్కువైనా కణం చస్తుంది, ఎక్కువైనా చస్తుంది. రెండు దారుల్లోనూ లాభపడేది క్రిమే. ఉప్పు లాంటి లెక్కన్నమాట.

క్రిమిని చంపే మందులకి తోడుగా, మన ఒంటి స్పందనని సరిచేసే మందులివ్వాలనే ఆలోచనని హోస్ట్-డైరెక్టెడ్ థెరపీ అంటారు. ఇందులో హోస్ట్ అంటే మనమే. పిలవని చుట్టానికి ఇల్లిచ్చినవాళ్లం. ఈ పని చెయ్యాలంటే ముందు ఊపిరితిత్తి ముక్కని చదవాలి. రక్తం చూస్తే సరిపోదు, గొడవ జరిగే చోటు వేరు. టీబీ ఊపిరితిత్తిని బాగా పాడుచేసినప్పుడు కొందరికి ఆ భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేస్తారు. అలా తీసిన ముక్కల్ని రోగుల అనుమతితో పరిశోధకులు చదువుతున్నారు. 2016లో ఒక బృందం అలాంటి గ్రాన్యులోమాల్ని లేజర్‌తో పొరలు పొరలుగా కోసి, ఏ పొరలో ఏ ప్రోటీన్లున్నాయో చూసింది. మధ్యలో మంట పెంచేవి, చుట్టూ మంట ఆర్పేవి. ఒకే ముద్దలో నిప్పూ నీళ్లూ. 2021లో దక్షిణాఫ్రికా డర్బన్‌లోని పరిశోధకులు వాటిని మైక్రో సీటీలో పెట్టి త్రీడీలో చూశారు. పాఠ్యపుస్తకాల్లో గోళీల్లా గీసే గ్రాన్యులోమాలు చాలాచోట్ల పసుపుకొమ్ముల్లా పిలకలు వేసి ఉన్నాయి. స్లైడ్ మీద మనం చూసేది ఆ కొమ్ముని అడ్డంగా కోసిన ఒక చక్రాన్నే.

ఈ కథలో ఒక అధ్యాయం మన దగ్గరే ఉందని ఆలస్యంగా తెలిసింది. నేనెక్కే బ్లూలైన్ మెట్రోకి ఒక చివర రాయదుర్గం, ఇంకో చివర నాగోల్. నాగోల్ దాకా పోకుండా ఉప్పల్లో దిగితే అక్కడ సీడీఎఫ్‌డీ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ అనగానే మనకి నేరాలు, కోర్టులు గుర్తొస్తాయి. అదే సంస్థలో సంగీతా ముఖోపాధ్యాయ్ బృందం టీబీ క్రిమి మాక్రోఫేజ్‌ని ఎలా మోసం చేస్తుందో చాలా ఏళ్లుగా చూస్తోంది. క్రిమి దగ్గర పీపీఈ18 అనే ప్రోటీన్ ఉంది. అది మాక్రోఫేజ్ పైనున్న టీఎల్‌ఆర్2 అనే తలుపు గొళ్లేన్ని పట్టుకుని, లోపల్నుంచి ఐఎల్-10 అనే 'చల్లబడు' సంకేతాన్ని విడుదల చేయిస్తుందని వాళ్లు 2009లో ప్రచురించారు. కాపలావాడి చేతే 'అంతా క్షేమం' అని ఈల వేయించడమన్నమాట. అంటే మొదట్లో మన ఒళ్లు చల్లబడకూడని చోట చల్లబడుతుంది, తర్వాత రగలకూడని చోట రగులుతుంది. మా ఆఫీసు ఈ చివర, ఆ ల్యాబ్ ఆ చివర. రెండు చోట్లా పొద్దస్తమానం చూసేది రెస్పాన్స్ లాగ్‌లే.

మందులు ఎక్కడిదాకా వచ్చాయి? వింతేంటంటే వీటిలో చాలావరకు మనింట్లో ఉండేవే. మా నాయన పదేళ్లుగా షుగర్‌కి మింగే మెట్‌ఫార్మిన్ అందులో ఒకటి. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ 322 మంది రోగులతో ఒక ట్రయల్ చేసి 2022లో ఫలితం ప్రచురించింది. మెట్‌ఫార్మిన్ కలిపినందుకు కళ్లెలోని క్రిములు తొందరగా ఏమీ పోలేదు. కానీ ఒంట్లో మంట తగ్గింది, ఎక్స్‌రేలు త్వరగా తేటపడ్డాయి. అంతకు ముందు ఏడాది సింగపూర్‌లో మొటిమలకి వాడే డాక్సీసైక్లిన్‌ని చిన్న బృందానికి ఇచ్చి చూస్తే గుంతల పరిమాణం తగ్గింది. అదే 2021లో దక్షిణాఫ్రికాలో 200 మందితో చేసిన ఇంకో ట్రయల్లో రెండు మందులు కోలుకున్నాక ఊపిరి బలాన్ని కాస్త పెంచాయి. ఇవన్నీ తొలి అడుగులే. రేపు మీ డాక్టర్ చీటీలో ఉండవు. ఇప్పటికే గట్టిగా నిలబడింది మెదడు పొరల టీబీకి ఇచ్చే స్టెరాయిడ్. అది మరణాలు తగ్గిస్తుందని 2004లో వియత్నాం ట్రయల్ చూపించింది. (దయచేసి ఇది చదివి మీ నాన్నగారి షుగర్ గోళీ మింగకండి. నాకూ ఆ ఆలోచన వచ్చింది, మా డాక్టర్ చేత తిట్లు తిన్నాను.)

అవ్వ చెప్పిన ఆరోగ్యవరం నాకు ఇప్పుడు వేరేలా కనిపిస్తోంది. మందుల్లేని రోజుల్లో వాళ్లు చూడగలిగింది ఒంటినే. తిండి, గాలి, విశ్రాంతి. తర్వాత క్రిమిని చంపే మందులొచ్చాయి. మద్రాసులో 1950ల చివర జరిగిన అధ్యయనం ఇంట్లో ఉండి మందులు వేసుకున్నా శానిటోరియంలో ఉన్నంత బాగా తగ్గుతుందని తేల్చింది. మంచిదే, లేకపోతే నేనూ ఏడాదిపాటు ఏదో కొండమీద వరండాలో పడుకునేదాన్ని. కానీ ఆ మలుపులో మనం ఒంటిని కొంచెం మర్చిపోయాం. 2023లో ప్రచురించిన ఒక ట్రయల్ ప్రకారం, ఝార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లవాళ్లకి ఆరు నెలలు రేషన్ ఇచ్చి చూస్తే, వాళ్లలో కొత్తగా టీబీ వచ్చేవాళ్లు 39 శాతం తగ్గారు. బియ్యం, పప్పు! హోస్ట్-డైరెక్టెడ్ అని పేరు పెట్టలేదంతే. నాకు నెలకి 500 రూపాయలు పోషణ కోసం ఖాతాలో పడినప్పుడు, స్విగ్గీలో ఒక్క ఆర్డర్‌కి సరిపోతుందని నవ్వుకున్నా. ఇప్పుడు నవ్వడంలేదు.

ఆరు నెలల కోర్సు డిసెంబర్‌లో అయిపోయింది. క్రిమి లేదు, నయమైనట్టు సర్టిఫికెట్ వచ్చింది. కానీ దుర్గం చెరువు మెట్రో స్టేషన్ మెట్లెక్కితే సగంలో ఆగాలి. ఊదే పరీక్షలో నా ఊపిరి ఉండాల్సినదాంట్లో 74 శాతం. గుంత మూసుకుని మచ్చ మిగిలింది. "ఇక టీబీ లేదు కదా, ఇంకేంటి?" అంటారు అందరూ. టికెట్ క్లోజ్ చేసేసి సర్వర్ సంగతి మర్చిపోయినట్టు ఉంటుంది నాకు.

రెండు నెలలయ్యాక నేను హాస్టల్‌కి తిరిగొచ్చేసరికి నెల్లూరమ్మాయి గదిలోనే ఉంది. వెళ్లిపోయి ఉంటుందనుకున్నా. కిటికీ బార్లా తెరిచి ఉంది, ఏసీ ఆపేసింది. జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే మందు తనకి వారానికోసారి, పన్నెండు వారాలు. అప్పటికి ఐదో వారం. ఆ మందూ నా మందూ చుట్టాలే, ఇద్దరికీ ఒంటికి నారింజరంగు. బాత్రూమ్ విషయంలో ఆ రోజే మొదటిసారి ఇద్దరం కలిసి నవ్వాం. అంతకుముందు చాలాసేపు మాట్లాడుకోలేదు.

మొన్న ఆదివారం అల్మారా సర్దుతుంటే జిప్ కవర్ బయటపడింది. ఇదేంటే అని అడిగింది. అప్పటిదాకా చూపించలేదు. సారీ, అదీ దాచినట్టే. స్లైడ్‌ని ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. గులాబిరంగు మరక, మధ్యలో కొంచెం పాలిపోయి.

"ఇందులో నీదెంత, దానిదెంత?"

"చాలావరకు నాదే."

కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. "నాలోనూ ఇలాంటిది ఒకటి ఉంటదా?"

"ఉండొచ్చు. చిన్నది. గోడ గట్టిగా ఉన్నది."

స్లైడ్‌ని జాగ్రత్తగా కవర్లో పెట్టి, సర్టిఫికెట్ల ఫైల్లో కాకుండా తన అరలో పెట్టుకుంది. ఎందుకని అడిగితే, "నీ దగ్గరుంటే మళ్లీ దాస్తావు" అంది.